ఈగలు పలచబడ్డ తేనెపెట్టె: ఈ చలికి నిలబెట్టాలా, కలపాలా, దిగువకు దించాలా?

సిమిలిగుడ, పొట్టంగి, నందపూర్ వైపు ఒలిసెల (పసుపు పూల నూనెగింజ పైరు) పూత రాలిపోయే నాటికి తేనెటీగలు పెంచే ప్రతివారి దగ్గరా ఒకటో రెండో పెట్టెలు దిగులు పుట్టిస్తాయి. పక్క పెట్టెలో ఏడు ఫ్రేముల (ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాల) నిండా ఈగలు మసలుతుంటే, ఇందులో రెండు ఫ్రేముల మధ్య అరచేతి పాటి గుంపు ముడుచుకుని ఉంటుంది. రాణి ఉంది, గుడ్లు ఉన్నాయి, గుప్పెడు పిల్ల, అంటే గదుల్లో ఎదుగుతున్న పురుగులు, ఉంది. దీన్ని ఏం చేయాలన్నది కార్తీకమాసం వెళ్లేలోగా తేల్చుకోవాలి. సంక్రాంతికి తేల్చుకుందామంటే అప్పటికి తేల్చడానికి ఏమీ మిగలదు.

ఈ పోలిక కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లోనూ, వాటిని ఆనుకున్న పార్వతీపురం మన్యం, శ్రీకాకుళం, అరకు వైపూ పుట్ట తేనెటీగలను (మన నాటు రకం, ఏపిస్ సెరానా) పెట్టెల్లో పెంచే తెలుగువారి కోసం. ఐరోపా ఈగలు పెంచేవారికి వేరుగా వర్తించే సంగతులు చివర్లో ఉన్నాయి.

## మన చలి ఎలా చంపుతుంది

మంచు దేశాల సలహాలు ఇక్కడ నేరుగా పనికిరావు. అక్కడ శీతాకాలంలో రాణి గుడ్లు పెట్టడం మానేస్తుంది, ఈగలు నెలల తరబడి ముద్దగా చేరి నిల్వ తేనె తింటూ గడుపుతాయి. మన దగ్గర అలా కాదు. కోరాపుట్ దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. పుష్యమాసపు రాత్రుల్లో పది డిగ్రీల కిందికి దిగినా, మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది, ఈగలు తిరుగుతాయి, పుప్పొడి వస్తుంది, రాణి గుడ్లు పెడుతూనే ఉంటుంది. చిక్కంతా అక్కడే. పిల్లకు రాత్రీ పగలూ 34, 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. పగలు నాలుగు ఫ్రేముల మీద పరుచుకున్న ఈగలు రాత్రికి రెండు ఫ్రేముల్లోకి ముడుచుకుంటే, అంచున ఉన్న పిల్ల చల్లబడి చస్తుంది. గుడ్డు నుంచి కూలి ఈగ (పెట్టెలో పనులన్నీ చేసే ఆడ ఈగ) బయటికి రావడానికి సుమారు 20 రోజులు పడుతుంది. ఈ లోపు ముసలి ఈగలు రాలిపోతుంటాయి, వాటి చోటికి వచ్చేవి ఉండవు. గుంపు ఇంకా చిన్నదవుతుంది, మర్నాటి రాత్రి ఇంకాస్త పిల్ల చల్లబడుతుంది.

అలా జనవరి సగానికి ఈగలు కాపలా కాయలేని పట్లలోకి మైనపు పురుగు (పట్టు మైనాన్ని తినే చిమ్మట పురుగు) దిగుతుంది. పుట్ట తేనెటీగకైతే ఇంకో దారి కూడా ఉంది. పిల్ల లేదు, తిండి లేదు అనిపిస్తే పెట్టె విడిచి లేచిపోతుంది.

కాబట్టి ఏ ఉపాయాన్నైనా తూచడానికి ప్రశ్న ఒక్కటే: రాత్రి చలిలో పిల్లను కప్పగలిగినన్ని ఈగలు ఈ పెట్టెలో ఉన్నాయా? లేకపోతే వాటిని ఎక్కడి నుంచి తేవాలి?

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

ఈగల లెక్క. మధ్యాహ్నం చూసి లెక్కేస్తే మోసపోతాం. అప్పుడు గుంపు విచ్చుకుని పెద్దదిగా కనిపిస్తుంది. తెల్లవారి ఎండ తగలకముందు, పొగ పట్టకుండా, పైమూత అర నిమిషం ఎత్తి ఫ్రేముల మధ్య సందులు చూడండి. ఎన్ని సందుల్లో ఈగలు కిక్కిరిసి ఉన్నాయో అదే అసలు బలం. నాలుగు సందులకు పైన ఉంటే ఆ పెట్టెకు పెద్ద భయం లేదు. మూడు ఉంటే సాయం చేస్తే నిలుస్తుంది. రెండూ అంతకన్నా తక్కువైతే కొండమీద అది ఒంటరిగా నిలవదు.

రాణి. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం ఒక్క పిల్ల ఫ్రేము తీసి చూస్తే చాలు. గదికి ఒక గుడ్డు, అడుగున నిలబడి, వరసగా కనిపిస్తే రాణి బాగున్నట్టే. ఒకే గదిలో రెండు మూడు గుడ్లు, అవీ పక్క గోడలకు అంటుకుని ఉంటే రాణి పోయి కూలి ఈగలే గుడ్లు పెడుతున్నట్టు.

జబ్బు. పట్టు నడుమ అక్కడొకటి ఇక్కడొకటిగా, మూత తెరిచి ఉన్న గదుల్లో పురుగు వెల్లకిలా పడుకుని, తల పైకి లేచి పడవలా కనిపిస్తే అది సంచి జబ్బు. పట్టకారుతో పైకి తీస్తే నీళ్లు నిండిన సంచిలా వేలాడుతుంది. 1991-92లో దక్షిణాది పుట్ట తేనెటీగలను ఊడ్చిపెట్టింది ఈ థాయ్ సంచి జబ్బే. దీన్ని చలికి చచ్చిన పిల్లతో పొరబడకండి. చలి దెబ్బ పిల్ల గుంపు అంచున, ముఖ్యంగా కింది అంచున, ఒకే బారుగా కనిపిస్తుంది. బూడిదరంగుకు తిరిగి నల్లబడుతుంది, సంచిలా ఉండదు. ఈ రెంటికీ తేడా తెలియకుండా ఫ్రేములు అటూ ఇటూ మార్చితే ఒక పెట్టె జబ్బు అన్ని పెట్టెలకూ పాకుతుంది.

తిండి. ఉన్న ప్రతి ఫ్రేము పైభాగాన మూడు వేళ్ల వెడల్పున మూతవేసిన తేనె ఉండాలి. ఒలిసెల తేనె త్వరగా గడ్డకట్టే రకం. గదుల్లో తేనె పలుకులు కడితే దాన్ని కరిగించుకోవడానికి ఈగలకు నీళ్లు కావాలి. చలి పొద్దున నీళ్ల కోసం వెళ్లిన ఈగ తిరిగి రాలేదు. పెట్టెకు పది అడుగుల దూరంలో, ఎండ తగిలేచోట, గులకరాళ్లు వేసిన మట్టి మూకుడులో నీళ్లుంచడం చిన్న పనే. దాన్ని మరిచిపోతే మాత్రం తేనె ఉండగానే ఈగలు పస్తుంటాయి.

మీ సంగతి. దగ్గర్లో బలమైన పెట్టెలు ఎన్ని ఉన్నాయి? వారానికి ఎన్నిసార్లు పెట్టెల దగ్గరికి వెళ్లగలరు? పెట్టెలు ఊరి దగ్గర ఉన్నాయా, పోడు గట్టున ఉన్నాయా? పెట్టెలన్నీ ఒకే కొలతవేనా? ఈ నాలుగింటిని బట్టి జవాబు మారిపోతుంది.

సంచి జబ్బు ఉన్న పెట్టె కింది ఉపాయాల్లో దేనికీ పనికిరాదు. దాన్ని దూరంగా ఉంచి, దానికి వాడిన ఉలి, చేతి తొడుగులు వేరే పెట్టెను తాకకుండా చూడాలి, పిల్ల పట్లు కోసి కాల్చేయాలి. కూలి ఈగలు గుడ్లు పెడుతున్న పెట్టెను కూడా నేరుగా కలపకూడదు, అవి కొత్త రాణిని చంపే ప్రమాదం ఉంది. మంచి ఎండలో, బలమైన పెట్టెలకు పదిహేను ఇరవై అడుగుల ముందు ఒక గోనె పరిచి, ఫ్రేముల మీది ఈగలన్నిటినీ దాని మీద దులపండి. పాత పెట్టెను అక్కడి నుంచి తీసేయండి. వాటిలో పనికొచ్చేవి బలమైన పెట్టెల్లోకి చేరిపోతాయి.

## ఒక్క చూపులో

| ఉపాయం | ఎలాంటి పెట్టెకు | కావలసినవి | ఎప్పుడు | ప్రధాన ప్రమాదం |
|---|---|---|---|---|
| బలమైనదానితో కలపడం | రెండు సందులు, అంతకన్నా తక్కువ | ఒకే కొలత పెట్టె, వార్తాపత్రిక | నవంబరు చివరిలోగా | రెండు రాణులు మిగలడం, ఈగల కొట్లాట |
| పిల్ల ఫ్రేము అరువు ఇవ్వడం | మూడు సందులు, మంచి రాణి | ఆరు సందుల పైన ఈగలున్న పెట్టె | అక్టోబరు చివరి నుంచి నవంబరు | అరువిచ్చిన పెట్టె కూడా పలచబడటం |
| ఇరుకు చేసి, తిండిపెట్టి నిలపడం | మూడు, మూడున్నర సందులు | డమ్మీ పలక (ఖాళీని అడ్డే చెక్క), రెండు కిలోల చక్కెర, ఓపిక | నవంబరు నుంచి జనవరి | అతిగా తినిపించి పిల్ల చల్లబడటం |
| దిగువకు దించడం | రెండున్నర సందులు, ఆపైన, నాలుగైదు పెట్టెలు ఒకేసారి | బండి, తెలిసిన తోట | డిసెంబరు మొదట్లో | పట్లు విరగడం, మామిడిపై మందుల పిచికారీ |
| బలమైన పెట్టె మీదికెక్కించడం | చిన్న గుంపు, విలువైన కొత్త రాణి | రెండు పొరల జాలీ పలక | నవంబరు | జాలీ సరిగా లేక రాణి పోవడం |

## కలపడం

రెండు సందుల పెట్టెకు ఇదే సరైన దారి. చాలామంది దీనికి ఒప్పుకోరు. పెట్టెల సంఖ్య తగ్గుతుందని, పథకం కింద వచ్చిన పెట్టె ఖాళీగా కనిపిస్తే బాగుండదని వెనకాడతారు. కానీ ఫిబ్రవరిలో ఖాళీ పెట్టె ఎలాగూ మిగులుతుంది. కలిపితే అందులోని ఈగలు మరో పెట్టెలో బతికి ఉంటాయి. కలపకపోతే ఈగలూ ఉండవు, పట్లూ మైనపు పురుగు పాలవుతాయి.

నియమం ఒక్కటే. బలహీనమైనదాన్ని బలమైనదానితోనో, నడిమి రకంతోనో కలపాలి. రెండు బలహీనమైన వాటిని కలిపితే వచ్చేది ఇంకో బలహీనమైన పెట్టె, ఒక్కో సందు ఉన్నవాటిని కలిపితే రెండే సందులు. అన్నీ బలహీనంగానే ఉంటే మూడింటిని ఒకటి చేయాలి.

ముందుగా దూరం తగ్గించాలి. ఈగలు తమ పెట్టె ఉన్న చోటును గుర్తుపెట్టుకుంటాయి. పది అడుగుల దూరంలో ఉన్న పెట్టెను ఒకేసారి జరిపితే తిరిగొచ్చిన ఈగలు పాత చోట తిరిగి తిరిగి చలికి రాలిపోతాయి. రోజుకు అడుగుకు మించకుండా, బాగా ఎగిరిన రోజుల్లో మాత్రమే జరుపుతూ పక్కకు తేవాలి. ముసురు పట్టి ఈగలు బయటికి రాని రోజు జరిపినది లెక్కలోకి రాదు. అందుకే ఈ పని కలిపే రోజుకు రెండు వారాల ముందు మొదలుపెట్టాలి.

కలిపేముందు రోజు మధ్యాహ్నం బలహీనమైన పెట్టెలోని రాణిని వెతికి తీసేయాలి. మనసొప్పకపోయినా ఈ పని చేయాల్సిందే. రెండింటినీ వదిలేసి అవే తేల్చుకుంటాయిలే అనుకుంటే, మంచి రాణే గాయపడవచ్చు. రాణిని తీశాక రెండు రోజులకు మించి ఆలస్యం చేయకండి, పుట్ట తేనెటీగలో రాణి లేని కూలి ఈగలు తొందరగానే గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి.

మర్నాడు సాయంత్రం, ఈగలు ఎగరడం ఆగాక, బలమైన పెట్టె మూత, లోపలి గుడ్డ తీసి, ఫ్రేముల మీద ఒక్క పొర వార్తాపత్రిక పరవండి. మెరిసే రంగుల కాగితం వద్దు, ఈగలు కొరకలేవు. గుండుసూదితో ఐదారు చిల్లులు పొడిచి, ఆ చిల్లుల దగ్గర నాలుగు చుక్కల చక్కెర పాకం రాయండి. దాని మీద బలహీనమైన పెట్టె పిల్ల గదిని, అడుగు పలక లేకుండా, నేరుగా ఎత్తిపెట్టి మూత వేయండి. బలమైనది కిందే ఉండాలి, దాని ద్వారం దానిదే. చిల్లులు పొడవడం మరిచిపోతే పై ఈగలకు దారీ ఉండదు, గాలీ అందదు.

రాత్రంతా రెండు వైపులా ఈగలు కాగితాన్ని కొరుకుతాయి. ఆ లోపు రెండింటి వాసనా ఒకటవుతుంది. రెండో రోజో మూడో రోజో ద్వారం ముందు కాగితపు తునకలు పొట్టులా రాలి కనిపిస్తాయి. అది మంచి గుర్తు. తునకలతో పాటు చచ్చిన ఈగలు గుట్టగా ఉంటే కొట్లాట జరిగిందని అర్థం. తునకలు కనిపించాక మరో రోజు ఆగి, ఎండలో తెరిచి, పిల్ల ఫ్రేములు నడుమ, తేనె ఫ్రేములు ఇరువైపులా సర్ది ఒకే గదిలోకి తేవాలి. నల్లబడ్డ ఖాళీ పట్లు తీసేయండి. పుట్ట తేనెటీగ పాత పట్టును ఇష్టపడదు, కొరికి అడుగున పోస్తుంది. ఆ పొట్టులోనే మైనపు పురుగు మొదలవుతుంది.

## ఇరుకు చేసి నిలపడం

మూడు సందుల ఈగలు, మంచి రాణి ఉన్న పెట్టెకు ఇది తగిన దారి. కొత్తగా పుట్టలోంచో చెట్టు తొర్రలోంచో తెచ్చి పెట్టెకెక్కించిన గుంపు సాధారణంగా ఈ స్థితిలోనే ఉంటుంది. ఇందులో పని పెట్టె లోపలా ఉంది, బయటా ఉంది.

ఈగలు కప్పని ఫ్రేములన్నీ తీసేయండి. మూడు సందులుంటే నాలుగు ఫ్రేములు చాలు. చివరి ఫ్రేము పక్కన ఫ్రేము కొలతకే కోసిన అరంగుళం చెక్క పలకను నిలపండి, దీన్నే డమ్మీ అంటాం. పలక అవతల ఖాళీలో పొడి వరిగడ్డి నింపిన గోనె ముక్క కుక్కండి. గడ్డిని నేరుగా పోస్తే చెమ్మ పట్టి చీమలు చేరతాయి.

తరువాత సందులు మూయాలి. ఐరోపా ఈగ చెట్ల జిగురు తెచ్చి పెట్టె పగుళ్లను తానే మూసుకుంటుంది. పుట్ట తేనెటీగ జిగురు తేదు. పెట్టె చెక్క ఎండి విచ్చుకున్న ప్రతి పగులు నుంచి రాత్రంతా చలిగాలి లోపలికి పోతుంది, దాన్ని మూసే పని పూర్తిగా మనదే. పేడ, బంకమట్టి కలిపి బయటి వైపు మెత్తితే సరిపోతుంది. ద్వారాన్ని రెండు వేళ్ల వెడల్పుకు తగ్గించండి. కందిరీగలను కాచుకోవడానికి కూడా అదే మేలు.

పెట్టె చోటు కూడా చూడాలి. వరి పల్లంలో, గెడ్డ ఒడ్డున చలిగాలి, పొగమంచు నిలుస్తాయి. నాలుగు మీటర్లు ఎగువన, గట్టు మీద, తూర్పుకో ఆగ్నేయానికో ముఖం పెట్టి, ఏడున్నరకల్లా ఎండ తగిలేచోట ఉంచితే ఈగలు ముందే బయల్దేరతాయి. పెట్టెను ముందుకు కొద్దిగా వంచి ఉంచండి, లోపల పట్టిన చెమ్మ కారిపోవాలి. పైన, మూడు పక్కలా గోనె కప్పండి, ముందు వైపు వదిలేయండి. ప్లాస్టిక్ పట్టాతో బిగించి చుడితే లోపల నీరు పట్టి, తడిసిన ఈగలు ఇంకా త్వరగా చస్తాయి. స్టాండు కాళ్లకు నీటి గిన్నెలు, చీమల కోసం.

తిండి విషయంలోనే తప్పులెక్కువ. పలచని పాకం, అంటే చక్కెర, నీళ్లు సమానంగా, ఈగలకు మకరందం వచ్చిందన్న భ్రమ కలిగిస్తుంది. రాణి జోరుగా గుడ్లు పెడుతుంది. మూడు సందుల ఈగలు ఐదు సందుల పిల్లను కప్పలేవు. బలం పెంచుదామని పెట్టిన పాకమే పెట్టెను ముంచుతుంది. అందుకే నవంబరు నుంచి జనవరి నడుమ చిక్కని పాకమే వాడండి: కిలో చక్కెరకు అర లీటరు వేడినీళ్లు, దించాక కలిపి చల్లార్చాలి, మాడకూడదు. బెల్లం, బెల్లం పానకం వద్దు, ఈగలకు విరేచనాలవుతాయి. ఎక్కడిదో తెలియని తేనె అసలే వద్దు, జబ్బు దాంతోనే వస్తుంది.

మూడు సందుల పెట్టెకు వారానికి 200 గ్రాముల చక్కెరతో చేసిన పాకం, రెండు దఫాలుగా. డిసెంబరు, జనవరి తొమ్మిది వారాలకు 1.8 కిలోల చక్కెర అవుతుంది. పాకం గోరువెచ్చగా ఉండగా, సాయంత్రం నాలుగు దాటాక, గుంపు మీదికే పెట్టాలి. పెట్టె మూలన గిన్నెలో పోస్తే చలిరాత్రి ఈగలు అక్కడి దాకా పోలేవు. పలచని పాలిథిన్ సంచిలో సగం దాకా పోసి, గాలి తీసి ముడివేసి, ఫ్రేముల పై పట్టీల మీద అడ్డంగా పడుకోబెట్టి, పైవైపు నాలుగైదు చోట్ల సూదితో పొడవండి. పాకం చుక్క చుక్కగా ఊరుతుంది, కారదు. ఈగలు గుంపు విడవకుండానే పైకి వచ్చి తాగుతాయి. సంచి పట్టడానికి పైన ఖాళీ తేనె గది ఉంచాలి. ఒక్క చుక్క పాకం కూడా పెట్టె బయట ఒలకకూడదు, ఒలికితే మర్నాడు బలమైన పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి.

రాత్రులు మరీ చల్లబడ్డాక పాకం కన్నా చక్కెర ముద్ద మేలు. ఇంట్లో మిక్సీలో ఆడించిన చక్కెర పొడి నాలుగు వంతులు, మీ సొంత పెట్టె తేనె ఒక వంతు, చపాతీ పిండిలా గట్టిగా కలిపి, అరచేతి మందాన తట్టి, గుంపు పైన పెట్టండి. దుకాణంలో దొరికే చక్కెర పొడిలో మొక్కజొన్న పిండి కలిసి ఉండొచ్చు, అది వద్దు.

ధనుర్మాసం నెలరోజులూ ఫ్రేములు బయటికి తీయకండి. పొద్దున మూత ఎత్తి సందులు చూడటం, సంచి మార్చడం అంతవరకే. డిసెంబరు చివర్లో సందులు రెండుకు పడిపోతే ఓపిక పట్టి చూడకండి, మబ్బులేని మధ్యాహ్నం చూసుకుని కలిపేయండి.

## పిల్ల ఫ్రేము అరువు

బలమైన పెట్టె నుంచి మూతపడ్డ పిల్ల ఉన్న ఫ్రేము తీసి బలహీనమైనదానికివ్వడం. త్వరగా ఫలితమిచ్చే దారి ఇదే, దుర్వినియోగమయ్యేదీ ఇదే. తెరిచి ఉన్న పురుగులున్న ఫ్రేము ఇస్తే వాటికి మేత పెట్టే ఈగలు అక్కడ లేవు. మూతపడ్డ పిల్లకు మేత అక్కర్లేదు గానీ, వెచ్చదనం కావాలి. కాబట్టి మూతలు ముదురు రంగుకు తిరిగి, ఇప్పటికే కొన్ని ఈగలు కొరుక్కుని బయటికొస్తున్న ఫ్రేమునే ఎంచుకోండి. అది నాలుగైదు రోజుల్లో ఖాళీ అయి, కొత్త ఈగలన్నీ చేతికొస్తాయి. మూత కొత్తగా వేసినదైతే పదకొండు, పన్నెండు రోజులు కప్పి ఉంచాలి, బలహీన గుంపుకు అది శక్తికి మించిన పని.

ఒకసారికి ఒక్క ఫ్రేమే. దాన్ని గుంపు నడుమ ఉంచాలి, అంచున కాదు. ఈగలను దులిపి ఇవ్వండి, దులిపే ముందు రాణి ఆ ఫ్రేము మీద లేదని రెండుసార్లు చూసుకోండి. అరువిచ్చే పెట్టెలో ఆరు సందుల పైన ఈగలుండాలి, అదే పెట్టె నుంచి మళ్లీ తీయాలంటే కనీసం పన్నెండు రోజులాగాలి. నవంబరు దాటితే ఈ పని మానేయండి. డిసెంబరులో బలమైన పెట్టెకు కూడా ఒక ఫ్రేము పిల్ల అంటే వచ్చే నెల ఈగలే.

ఒలిసెలు నిండుగా పూసి ఉన్నప్పుడు కొందరు పట్టపగలు రెండు పెట్టెల చోట్లు మార్చేస్తారు, బలమైనదాని నుంచి మేతకు వెళ్లే ఈగలు బలహీనమైనదాంట్లోకి చేరేలా. మకరందం దండిగా వస్తున్నప్పుడే అది పారుతుంది. చలిలో అలా చేస్తే కొత్త ఈగలు రాణి మీద పడే ప్రమాదముంది, పైగా వచ్చేవన్నీ ముసలి ఈగలే.

## దిగువకు దించడం

కోరాపుట్ మీది నుంచి లక్ష్మీపూర్ దారిన రాయగడకు, సుంకి ఘాట్ దిగి సాలూరు, పార్వతీపురానికి దిగితే ఎత్తు సుమారు ఏడు వందల మీటర్లు తగ్గుతుంది. గుణుపూర్ ఇంకా కింద. రాత్రులు సాధారణంగా నాలుగైదు డిగ్రీలు వెచ్చగా ఉంటాయి. కొండమీద రెండున్నర సందులకు ముడుచుకునే గుంపు అక్కడ మూడున్నర సందులు కప్పగలదు. రాయగడ చుట్టూ కాగితపు గుజ్జు కోసం వేసిన నీలగిరి తోటలు, గజపతి వారికి దగ్గరగా ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు ఉన్నాయి. కొబ్బరి ఏడాది పొడవునా పుప్పొడినిస్తుంది.

ఒక్క పెట్టె కోసం బండి కట్టడం దండగ. నాలుగైదు పెట్టెలున్నప్పుడు, ఒకటిన్నర రెండు సందులవి ముందే కలిపేశాక, మిగిలినవాటిని దించడం తెలివైన పని. రాత్రి ద్వారానికి జాలీ కొట్టి, తెల్లవారేలోగా చేరాలి. ఫ్రేములు బండి పోయే దిక్కుకు సమాంతరంగా ఉంటే బ్రేకు వేసినప్పుడు ఒకదానికొకటి కొట్టుకోవు. ఈ ఏడాది కట్టిన తెల్లపట్టు ఘాట్ మలుపుల్లో విరిగిపోతుంది, తేనెతో బరువెక్కిన కొత్త పట్లు ఎక్కించే ముందే తీసేయండి.

పెద్ద ప్రమాదం మామిడి దగ్గరుంది. పూత గెలలు బయటపడే వేళకు తేనెమంచు పురుగు కోసం రైతులు మందు కొడతారు. తోట యజమానితో ముందే మాట్లాడుకుని, కొట్టే రోజు ముందు సాయంత్రం చెప్పించుకోగలిగితేనే అక్కడ పెట్టెలు దించండి. బిస్సంకటక్, గుణుపూర్ వైపు పత్తి చేల పక్కన కూడా ఇదే జాగ్రత్త. కొండమీద చలికి పోయే ఈగల కన్నా ఒక్క పిచికారీకి పోయేవే ఎక్కువ.

## పెట్టె మీద పెట్టె

బలమైన పెట్టె మీద రెండు పొరల సన్నజాలీ కొట్టిన పలక వేసి, దాని మీద చిన్న గుంపునుంచితే కింది వేడి పైకి వస్తుంది. పొరల మధ్య సెంటీమీటరు ఎడం ఉండాలి, కింది ఈగలు పై రాణిని తాకకూడదు. పై ద్వారం కింది దానికి ఎదురు దిక్కున. ఇది ఐరోపా ఈగలకు బాగా నడుస్తుంది. పుట్ట తేనెటీగలు పై గదిలో అలజడికి లేచిపోతాయి కనుక, మంచి రాణిని ఎలాగైనా కాపాడుకోవాలనుకునేవారు తప్ప దీనికి పోనక్కర్లేదు.

## ఎవరికి ఏది

రెండే పెట్టెలున్నవారు, ఒకటి బలంగా ఒకటి నీరసంగా ఉంటే, పిల్ల అరువు జోలికి పోకండి. రెండూ నడిమి రకమై రెండూ పోయే ప్రమాదముంది. సందులు లెక్కపెట్టి, మూడుంటే ఇరుకు చేయండి, రెండుంటే కలపండి.

పది, ఇరవై పెట్టెలున్నవారికి అక్టోబరు నెలాఖరు సమయం బంగారం. ఒలిసెల పూతలో బలమైన మూడింటి నుంచి తలా ఒక ఫ్రేము తీసినా వాటికి దెబ్బ ఉండదు. రాణి ముసలిదైన పెట్టెలకు అరువివ్వకండి, ఆ పిల్ల వృథా. వాటిని కలిపేయడమే మేలు.

వారానికి ఒక్కసారైనా పెట్టెల దగ్గరికి పోలేనివారికి, పోడు గట్టున పెట్టెలున్నవారికి తిండి పెట్టి నిలిపే దారి సరిపడదు. పెట్టెలు పక్కపక్కనే ఉంటే కలపడం కొద్ది రోజుల పని.

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి దిగువ ఊళ్లలో ఉన్నవారికి చలి పెద్ద సమస్య కాదు. పెట్టె బలహీనంగా ఉంటే కారణం వేరే ఉంటుంది: వానాకాలపు ఆకలి, ముసలి రాణి, మైనపు పురుగు, జబ్బు. గోనెలు కప్పే ముందు అది తేల్చుకోండి.

ఐరోపా ఈగల పెట్టెలో ఐదు ఫ్రేములకు తక్కువుంటే బలహీనమే. దానికి మొదటి అనుమానం వర్రోవా పురుగు (ఈగలను పట్టి పీల్చే నల్లి) మీద. అరకప్పు ఈగలను, అంటే సుమారు 300, చక్కెర పొడితో జాలీ మూత డబ్బాలో కుదిపి, తెల్లకాగితం మీద రాల్చితే తొమ్మిదికి మించి పురుగులు కనిపిస్తే ముందు వాటి సంగతి చూడాలి. చలి ముదిరాక వాటికి వాడే ఫార్మిక్ ఆమ్లం సరిగా ఆవిరి కాదు, కాబట్టి ఆ పని అక్టోబరులోనే. పుట్ట తేనెటీగల పక్కన ఐరోపా పెట్టెలకు పాకం పెట్టేటప్పుడు రెట్టింపు జాగ్రత్త కావాలి, అవి చిన్న పెట్టెలను దోచేస్తాయి. ఈ రెండు జాతుల ఫ్రేములనూ ఈగలనూ ఎప్పుడూ కలపకండి.

## కలిపినదాన్ని మళ్లీ విడదీయడం

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. దానికి ముందే మామిడి, మునగ పూతకొస్తాయి. అప్పుడు పలచని పాకం మొదలుపెట్టి, డమ్మీ పలకను వారానికొక ఫ్రేము చొప్పున పక్కకు జరుపుతూ పోవచ్చు. కార్తీకంలో కలిపిన పెట్టె మార్చి నాటికి, కాఫీ పూసే వేళకు, ఏడు ఎనిమిది ఫ్రేములకు చేరితే ఖాళీ పెట్టె మళ్లీ నిండుతుంది. తొందరపడి ఫిబ్రవరిలోనే విడదీయకండి. పట్టు కింది అంచున పోతు ఈగల గదులు చూడండి. పుట్ట తేనెటీగలో ఆ మూతలు ఉబ్బెత్తుగా, నడిమధ్య సూదిమొన పాటి చిల్లుతో ఉంటాయి. అవి తెరుచుకుని పోతు ఈగలు మధ్యాహ్నం ఎగరడం కనిపించాకే విడదీస్తే, కొత్త రాణికి జత దొరుకుతుంది.